మనం ఎక్కడున్నామో చెప్పే పెట్టె: హైదరాబాద్ నుంచి సూళ్లూరుపేట దాకా

2025 జనవరి 29 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎగురుతుందని, అది మోసుకెళ్లేది మన సొంత నావిగేషన్ ఉపగ్రహాన్నని పేపర్లో పడింది. అది చూశాక మా బావగారు ఊరుకోలేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. రాకెట్ మీద కన్నా అందులో ఉన్న గడియారం మీద ఆయనకు ఆసక్తి ఎక్కువ. "రోజూ ఫోన్లో ఆ నీలం చుక్కని చూసుకుంటావు గదా, అది ఎక్కణ్నుంచి పుడుతుందో ఒకసారి చూసొద్దాం పదవయ్యా" అన్నారు. కారు నడిపేది నేను, లెక్కలు ఆయనవి. శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేటకి నేరుగా పోతే ఒక్క పగటి ప్రయాణం. కానీ దారిలో జీపీఎస్‌తో రోజూ పనిపడే మనుషుల్ని పలకరిస్తూ, సముద్రం పక్కగా పోదామనుకున్నాం.

అద్దానికి తగిలించిన నా ఫోన్ కాక, బావగారి చేతిలో ఓ చిన్న జీపీఎస్ పెట్టె ఉంది. కొండలెక్కేవాళ్లు వాడే రకం. దాన్లో రోడ్లు కనపడవు, ఆడగొంతు "ఎడమవైపు తిరగండి" అనదు. అక్షాంశం, రేఖాంశం, వేగం, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయి, అంతే. నాకది బోసిగా అనిపించింది. "బోసిగా ఉండబట్టే అసలు సంగతి కనపడుతోంది" అని ఆయన వాదన.

ఆదివారం: హైదరాబాద్ నుంచి విజయవాడ

రిపబ్లిక్ డే. బళ్ల ముందు జెండాలు, పిల్లల చేతుల్లో చాక్లెట్లు. సూర్యాపేట దాటి కోదాడ దగ్గర టీకి ఆగాం. పక్క బల్ల మీద ఓ లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. సిమెంటు దించి ఖాళీ బండితో తిరిగి వెళ్తున్నాడు. డ్యాష్‌బోర్డు కింద నుంచి వేలాడుతున్న తీగ చూసి బావగారే మాట కలిపారు.

బస్సులకు, ట్యాక్సీలకు ట్రాకింగ్ పెట్టె, ఆపదలో నొక్కే బటన్ ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన కొత్త బళ్లకు అది తప్పనిసరి. లారీలకు మాత్రం చాలావరకు ఓనర్లే సొంత డబ్బుతో పెట్టించుకుంటారు. ఎందుకో అందరికీ తెలుసు: డీజిల్, దొంగ ట్రిప్పులు, దారి తప్పిన సరుకు.

"మొదట్ల శాన కోపమొచ్చేది సార్" అన్నాడతను. "టీ తాగనీకి ఆగినా సేటు ఫోన్. ఆడ ఇరవై నిమిషాలు ఏం జేస్తున్నవని. నమ్మకం లేనోడు బండెందుకు ఇచ్చిండనిపించేది."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నాకే పనికొస్తున్నది. గోదాం కాడ రెండు దినాలు దించకుండ నిలబెట్టిన్రనుకో. ఇంతకుముందు నువ్వు ఆలస్యంగ వచ్చినవని నా మీద తోసేటోళ్లు. ఇప్పుడు ఎన్నిటికి గేటు కాడికొచ్చిన, ఎన్ని గంటలు నిలబడ్డ, అంత పెట్టెల ఉంటది. హాల్టింగ్ పైసలు అడిగితే ఎవడూ కాదనలేడు."

దారి కోసం ఆ పెట్టె అతనికి అక్కర్లేదు. కోదాడ నుంచి విశాఖ దాకా ప్రతి గుంతా అతనికి తెలుసు. అతనికి కావలసింది సాక్ష్యం. ఈ ప్రయాణం పొడుగునా మాకు ఇదే కనపడింది. ఉపగ్రహాల్ని దారి తెలుసుకోవడానికి వాడేది మాలాంటి షికారు మనుషులే. దాంతో రోజూ పనిపడేవాళ్లకు అది చూశానని చెప్పే సాక్షి, గుర్తు పెట్టుకునే పుస్తకం.

"ఆ ఉపగ్రహం పైనుంచి నా లారీని చూస్తనే ఉంటదా సార్?" అని అడిగాడు. బావగారికి క్లాసు దొరికింది. ఉపగ్రహానికి నీ లారీ సంగతే తెలియదు, అది ఆకాశవాణిలాగా తన టైమెంతో, తానెక్కడుందో చెప్పుకుంటూ పోతుందంతే. విని లెక్క కట్టేది నీ పెట్టె. ఆ లెక్కని సేటుకి చేరవేసేది అందులోని సిమ్ కార్డు. "అయితే చాడీలు చెప్పేది సిమ్మన్నమాట" అని అతను నవ్వాడు.

మధ్యాహ్నానికి జగ్గయ్యపేట. ఈ మండలంలోని తక్కెళ్లపాడులోనే 2020 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే మొదలైంది. బ్రిటిష్ కాలం తర్వాత ఊళ్లన్నీ మళ్లీ కొలవడం అదే. దగ్గర్లోని ఒక ఊళ్లో బావగారి తరఫు చుట్టం, మేం పెదనాన్నగారు అని పిలిచే పెద్దాయన ఉన్నారు. భోజనం పెట్టి, మిర్చి చేలో గట్టు మీదికి తీసుకెళ్లారు. గట్టు చివర కొత్త సర్వే రాయి.

"మా నాన్న రోజుల్లో గొలుసు పట్టుకుని ఇద్దరు లాగేవాళ్లు" అన్నారాయన. "గొలుసు కాస్త వదులుగా పట్టాడా, లాగి పట్టాడా అన్నదాన్ని బట్టి సెంటు అటూ ఇటూ అయ్యేది. సర్వేయరుకి ఆ పూట కోడికూర ఎవరింట్లో అన్నది కూడా చూసుకోవాలనుకో."

గొలుసు అంటే 66 అడుగులు, 100 లింకులు. చదరంలో వెయ్యి లింకులు ఒక సెంటు, లక్ష లింకులు ఎకరం. బావగారు వేళ్ల మీద చెబుతుంటే పెదనాన్నగారు తలూపారు, ఆయనకు అది పుస్తకంలో లెక్క కాదు. ఈసారి గొలుసు రాలేదట. నిలువెత్తు కర్ర, దాని తల మీద పుట్టగొడుగు లాంటి తెల్లటి గుండ్రటి డబ్బా పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. గట్టు మూలన కర్ర ఆనించి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా నిటారుగా పట్టుకుని, చేతిలోని తెర మీద ఏదో నొక్కి తర్వాతి మూలకి పోయాడు. దాని పేరు రోవర్.

నా ఫోన్ అదే రాయి మీద పెట్టి చూశాం. చుక్క ఒకసారి రాయి మీద, ఇంకోసారి పక్క చేలో. బయలు ప్రదేశంలో కూడా ఫోన్‌కి నాలుగైదు మీటర్ల తేడా మామూలే. అది పొలం విషయంలో చిన్న తేడా కాదు, మనిషి మీదికి కర్ర ఎత్తే తేడా. రోవర్ రెండు మూడు సెంటీమీటర్లలో చెబుతుంది. ఉపగ్రహాలు రెంటికీ అవే. అయితే రోవర్‌కి నేల మీద తోడు ఉంది. ఎక్కడుందో ముందే కచ్చితంగా తెలిసిన ఒక స్థిర కేంద్రం అవే సంకేతాల్ని విని, "ఈ క్షణాన ఉపగ్రహాల లెక్క ఇంత తప్పుగా వస్తోంది" అని ఎప్పటికప్పుడు చెబుతుంది. రోవర్ ఆ తప్పుని తీసేసుకుంటుంది.

"మరి గొడవలు తగ్గాయా పెదనాన్నగారూ?"

"కొలత తేలింది. గొడవ తేలలా" అన్నారు. పాత కాగితంలో ఉన్న విస్తీర్ణం, కొత్త ఎల్‌పీఎంలో, అంటే రీసర్వే తర్వాత ఇచ్చిన భూమి పటంలో వచ్చిన విస్తీర్ణం ఒకటి కాకపోతే రైతు దేన్ని నమ్మాలి? రాష్ట్రమంతా ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి. గట్టు ఎక్కడుందో ఆ కర్ర చెప్పగలదు. ఆ గట్టుని ముప్పయ్యేళ్ల కింద ఎవరు ఎటు జరిపారో ఏ ఉపగ్రహానికి తెలుస్తుంది? అది మనుషులే కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

చీకటి పడే వేళకు విజయవాడ చేరి పడుకున్నాం.

సోమవారం: తెనాలి, రేపల్లె, నిజాంపట్నం

తెనాలి దాటాక రోడ్డుకి రెండువైపులా మినుము. వరి కోసిన మాగాణిలో చల్లిన చేను, ఇంకా పచ్చగానే ఉంది. ఒక చోట గట్టు మీద ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఫొటో తీస్తోంది, పక్కన రైతు తలపాగా సర్దుకుని నిలబడ్డాడు. రైతు సేవా కేంద్రం నుంచి ఈ-పంట నమోదుకి వచ్చిందట. ఏ చేలో ఏ పంట ఉందో చేలోకి వెళ్లే నమోదు చేయాలి. ఫొటోతో పాటు అది తీసిన చోటు కూడా దానంతటదే ఎక్కుతుంది. ఆఫీసులో కూర్చుని రాసేద్దామంటే కుదరదు. పంట నష్టం సాయం అయినా, కొనుగోలు కేంద్రంలో అమ్ముకోవడమైనా ఈ నమోదు మీదే. "చేలోకి దిగితేనే తీసుకుంటదండి, రోడ్డు మీంచి తీస్తే ఒప్పుకోదు" అంది ఆ అమ్మాయి, బురద అంటిన చెప్పులు గట్టుకేసి రాస్తూ. ఇదీ సాక్ష్యమే. లారీ డ్రైవరు తనకోసం తాను పెట్టుకున్న సాక్ష్యం లాంటిది కాదు, పైవాళ్లు కిందివాళ్ల మీద పెట్టిన కాపలా. రెండూ ఒకే పెట్టెలోంచి వస్తాయి.

రేపల్లె ముందు ఫోన్ మమ్మల్ని కాలువ గట్టు మీదికి తిరగమంది. ఆరు నిమిషాలు కలిసొస్తుందట. పాల క్యాన్లతో ఎదురొచ్చినాయన కారు ఆపి, "అది ట్రాక్టరు దారండీ, ఎదురొస్తే వెనక్కి రావడానికి కూడా చోటుండదు" అన్నాడు. మేం పెద్దరోడ్డు మీదే పోయాం. ఇలాంటివాటికి జనం జీపీఎస్‌ని తిడతారు గానీ దాని తప్పేం లేదు. ఉపగ్రహం చెప్పేది చోటు ఒక్కటే. దారి చెప్పేది ఎవరో గీసిన మ్యాపు. గట్టుకీ రోడ్డుకీ మ్యాపులో ఒకే గీత ఉంటే తప్పు ఆ గీతది.

నిజాంపట్నం హార్బరు. ఎండుచేపల వాసన, డీజిల్ వాసన కలిసి కారు దిగకముందే ముక్కుకి తగిలాయి. బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. ఒక బోటు మీద వల బాగుచేస్తున్న సరంగుతో, అంటే బోటు నడిపే ఆయనతో మాటలు పడ్డాయి. మా ఇద్దరినీ బోటెక్కించి క్యాబిన్ చూపించాడు. గుప్పెడంత తెర, పైకప్పు మీద యాంటెన్నా, పక్కన అడుగులోతు చూపే ఎకో సౌండర్, వైర్‌లెస్ సెట్టు.

"ఇదివరకు మా అయ్య ఎట్టా పోయేవాడంటే" అని మొదలుపెట్టాడు. ఈ తీరంలో కొండలు లేవు. కొంచెం లోపలికి పోతే చాలు, ఒడ్డు కనపడదు. విశాఖవాళ్లకైతే యారాడ కొండ ఉంది, ఎంత దూరం పోయినా కనిపెట్టుకోవచ్చు. కృష్ణా డెల్టా బల్లపరుపు. అందుకని వాళ్ల నాన్న తాడుకి గుండు కట్టి వదిలి, ఎన్ని బారల లోతో చూసేవాడట. గుండుకి అంటుకొచ్చింది బురదో, ఇసకో చూసేవాడట. రాత్రయితే చుక్కలు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు పాయింట్లండి."

ఆ మాట దగ్గర అతని ముఖం వెలిగింది. పాయింటు అంటే తెరమీద గుర్తుపెట్టుకున్న ఒక చోటు. చేప బాగా పడ్డ చోటు ఒక పాయింటు. అంతకన్నా విలువైనది వల పట్టేసే చోటు. సముద్రం అడుగున మునిగిన పడవ ఉంటుంది, రాయి ఉంటుంది. ట్రాల్ వల దానికి తగులుకుందంటే చిరిగిపోయి వేలకి వేలు నష్టం. ఒకసారి చిరిగిన చోట గుర్తు పెట్టుకుంటే జీవితంలో మళ్లీ అక్కడ వల వేయరు. మూడో రకం దారి పాయింట్లు. కాలువలోంచి సముద్రంలోకి దిగే మొగ దగ్గర ఇసక మేటలు వేస్తుంది. పగలు లోతు చూసుకుంటూ వెళ్లిన దారినే పెట్టె గీత గీసి దాచుకుంటుంది. రాత్రి చీకట్లో ఆ గీత మీదే వెనక్కి వస్తారు.

బల్ల సొరుగులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నోటుపుస్తకం తీశాడు. అన్నీ అంకెలే, అక్షాంశాలు, రేఖాంశాలు. కొన్నిటి పక్కన చేప పేరు, కొన్నిటి పక్కన ఇంటూ గుర్తు. "పెట్టె కాలిపోతే ఎట్టాగండి? అందుకని రాసుకుంటా. బోటు ఓనరుదే, పెట్టె ఓనరుదే, పుస్తకం మాత్రం నాది. రేపు ఇంకో బోటుకి పోతే ఇది నాతోనే వస్తది." అడక్కముందే మూసేసి సొరుగులో పెట్టేశాడు. ఆ జిల్లాలో ఏ బ్యాంకు లాకరులోనూ దానంత భద్రంగా దాచిన కాగితాలు ఉండవనుకుంటా.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహ చిత్రాల్లో సముద్రపు వేడి, నాచు రంగు చూసి చేప దొరికే అవకాశమున్న చోట్లు ప్రకటిస్తుంటుంది. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు, ఈ అక్షాంశ రేఖాంశాలు అని. చేతిలో జీపీఎస్ లేకపోతే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. అతను వాటిని చూస్తాడట. "కాకపోతే అది అందరికీ వచ్చుద్ది గదండి. అందరూ ఆడికే వచ్చుద్దురు" అన్నాడు.

మాటల్లో గుజరాత్ వెళ్లినవాళ్ల సంగతి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు వేరావల్ బోట్ల మీద కూలికి పోయి, 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. పద్నాలుగు నెలల తర్వాత, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. నీళ్ల మీద సరిహద్దు గీత ఎవరికీ కనపడదు. తెర మీదే కనపడాలి. ఇప్పుడు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు ఉచితంగా బిగించే పథకం నడుస్తోంది. సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిస్తుంది, తుఫాను కబురు అందిస్తుంది, సెల్ టవర్ అందని చోట నుంచి కూడా ఆపదలో సందేశం పంపొచ్చు.

రాకెట్ చూడటానికి పోతున్నామని చెబితే సరంగు కాస్త కంగారుపడ్డాడు. "మన శాటిలైట్ వస్తే నా పాయింట్లు మారిపోతాయా సార్?" మారవని, అంకెలు భూమివి గానీ ఉపగ్రహానివి కావని బావగారు భరోసా ఇచ్చారు.

రాత్రి బాపట్లలో బస.

మంగళవారం: సూర్యలంక నుంచి సూళ్లూరుపేట

పొద్దున్నే సూర్యలంక బీచికి పోయాం. ఉప్పునీళ్లలో పాదాలు పెట్టి ఫోన్లో ఎత్తు చూద్దును కదా, మైనస్‌లో ఉంది. అదీ ఒకటి రెండు మీటర్లు కాదు, డెబ్బై ఎనభై మీటర్లు. సముద్రం అడుగున నిలబడ్డామన్నమాట. ఫోన్ పాడైందనుకుంటే బావగారి పెట్టె మాత్రం సున్నాకి దగ్గరగా చూపిస్తోంది.

సంగతేమిటంటే, ఉపగ్రహాల లెక్కకి భూమి ఒక నున్నటి, నొక్కిన గోళం. నిజం సముద్రం అలా ఉండదు. భూమి లోపలి బరువు అన్నిచోట్లా సమానం కాదు, గురుత్వం తక్కువున్న చోట నీటి మట్టమూ దిగి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం మన దక్షిణానే, శ్రీలంకకి కింద హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రం ఆ లెక్క గోళానికి వందమీటర్ల పైచిలుకు కింద ఉంటుంది. ఆ పల్లం అంచు మన తీరం దాకా వస్తుంది. నా ఫోన్లోని యాప్ పచ్చి లెక్క చూపించింది. బావగారి పెట్టె ఆ పల్లాన్ని కలుపుకుని, మనకు అర్థమయ్యే సముద్రమట్టంతో చెప్పింది. సూర్యలంకలో పాతికసార్లు మునిగి ఉంటాను, పల్లంలో మునుగుతున్నానని ఎవరూ చెప్పలేదు.

చీరాల మీదుగా ఒంగోలు, అక్కణ్నుంచి పెద్ద హైవే. చెప్పుకోదగ్గదేమీ లేదు, రోడ్డు బాగుంది. కావలి దాటాక టిఫిన్ హోటలు ముందు 108 అంబులెన్స్ ఆగి ఉంది. ఆ బండి నడిపేవాళ్లని పైలట్ అంటారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ఈ సేవ మొదలైనప్పటి నుంచీ అదే పిలుపు.

"జీపీఎస్ రెండు రకాలుగా వాడతామన్నా" అన్నాడు పైలట్, ఉప్మా తింటూ. బండి ఎక్కడుందో కంట్రోల్ రూముకి తెలుస్తుంది కాబట్టి దగ్గర్లో ఉన్న బండినే పంపుతారు. అది సులువు. కష్టమంతా ఫోన్ చేసినోళ్లు యాడున్నారో తెలుసుకోవడమే. "హైవే మీద యాక్సిడెంట్ అయితే చేసేది ఆ ఊరోళ్లు కాదు గదన్నా. యాడున్నారంటే రోడ్డు మీద అంటారు. లొకేషన్ పెట్టమంటాం. వాట్సాప్‌లో పెడితే సరిగ్గా ఆడికే పోతాం. పల్లెల్లో అయితే పెద్దోళ్ల దగ్గర చిన్న ఫోన్లు. రావిచెట్టు కాడికి రా అంటారు. ఆ రావిచెట్టు ఏ మ్యాపులో ఉంది?"

"మరెట్లా?"

"ఆశా అక్కకి ఫోన్ కొడతాం. ఆమెకి అన్ని రావిచెట్లూ తెలుసు."

ఫోన్ మోగింది. సగం ఉప్మా అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

నెల్లూరు, నాయుడుపేట దాటి సాయంత్రానికి సూళ్లూరుపేట. ఈ నెలలోనే ఫ్లెమింగో పండుగ జరిగింది, ఆ బ్యానర్లు ఇంకా వేలాడుతున్నాయి. పులికాట్ వైపు కాసేపు కారు పోనిచ్చి, దూరంగా గులాబి గీతలా ఉన్న పక్షుల్ని చూసి వెనక్కి వచ్చాం. లాడ్జిలో గదులు దొరకడం కష్టమైంది. మాలాంటి పిచ్చివాళ్లు చాలామందే ఉన్నారు.

బుధవారం: రాకెట్

ఐదున్నరకే లాడ్జి డాబా నిండిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన కుటుంబం, ఇంజనీరింగ్ కుర్రాళ్లు, లాడ్జి వంటమనిషి. శ్రీహరికోట నుంచి ఇది వందో ప్రయోగం. మొదటిది 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3, అది బంగాళాఖాతంలో పడింది. అప్పుడు బావగారు కాలేజీలో ఉన్నారట.

బావగారు చేతిగడియారం తీసి పిట్టగోడ మీద పెట్టారు. ఫోన్లో లైవ్ వస్తుంటే నన్ను కట్టేయమన్నారు. "అది సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మనకి కన్నూ చెవీ చాలు."

6.23. తూర్పున నారింజ వెలుగు ఒక్కసారి పైకి ఉబికింది. చప్పుడు లేదు. 420 టన్నుల బండి, పదిహేను అంతస్తుల ఎత్తున్నది, ఏ శబ్దమూ చేయకుండా లేచి, తోక వెంట వెలుగు లాక్కుంటూ వంగి పోతోంది. డాబా మీద అరుపులు, ఈలలు. బావగారు మాత్రం గడియారం వదల్లేదు. ఆ వెలుగు చాలా పైకి పోయాక అప్పుడొచ్చింది ఉరుము. కిటికీ రేకులు గడగడలాడాయి.

"అరవై ఏడు!" అన్నారు బావగారు. సెకన్లు. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు. గుణిస్తే దాదాపు 23 కిలోమీటర్లు. ఫోన్ మ్యాపులో మా డాబా నుంచి రెండో ప్రయోగ వేదికకి గీత గీస్తే, ఇంచుమించు అంతే.

జీపీఎస్ చేసేదీ ఇదే. ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, మధ్యలో ఎంత దూరం. కాకపోతే శబ్దం బదులు రేడియో తరంగం, వేగం కాంతివేగం. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. సరిగ్గా నెత్తిన ఉన్నదాని సంకేతం మనల్ని చేరడానికి పట్టేది 0.067 సెకన్లు. అక్కడా 67 రావడం చూసి ఆయన చిన్నపిల్లాడైపోయారు. ఒక ఉపగ్రహం నుంచి దూరం తెలిస్తే మనం ఒక పెద్ద గోళం మీద ఎక్కడో ఉన్నామని అర్థం. మూడు ఉంటే చోటు తేలుతుంది. నాలుగోది ఎందుకంటే ఫోన్లో ఉన్న గడియారం చౌకది, దాని తప్పు పట్టుకోవడానికి.

శబ్దం లెక్కలో బావగారు ఒక సెకను తప్పితే 340 మీటర్లు తేడా. ఇక్కడ సెకనులో పదిలక్షలో వంతు తప్పితే 300 మీటర్లు. అందుకే ఉపగ్రహంలో అణు గడియారం. అది కూడా పైన నేలమీదకన్నా రోజుకి 38 మైక్రోసెకన్లు తొందరగా నడుస్తుంది, ఐన్‌స్టీన్ చెప్పినట్టే. సరిచేయకపోతే తప్పు రోజుకి పదకొండు కిలోమీటర్ల చొప్పున పెరిగిపోతుంది. మన సొంత నావిగేషన్ ఉపగ్రహాల వ్యవస్థ పేరు నావిక్, దాని కథలోనూ దెబ్బతీసింది గడియారాలే. 2013 జూలైలో పంపిన మొదటి ఉపగ్రహంలోని మూడు విదేశీ రూబిడియం గడియారాలూ చెడిపోయాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపినది హీట్ షీల్డ్ ఊడక లోపలే ఇరుక్కుపోయింది. 2023 మేలో వెళ్లిన రెండో తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన గడియారం పెట్టారు. ఈ రోజు వెళ్లిన ఎన్‌వీఎస్-02 బరువు 2,250 కిలోలు. ఫోన్లలోని చిప్పులు మామూలుగా వినే ఎల్1 పౌనఃపున్యంలో కూడా ఇది మాట్లాడుతుంది. మొదటి తరం వాటికి ఆ వసతి లేదు.

పంతొమ్మిది నిమిషాలకు ఉపగ్రహం విడిపోయిందని కింద హోటల్ టీవీలో చెప్పారు. దోసెలు తింటున్న జనం చప్పట్లు కొట్టారు.

గురువారం: తిరుగు దారి

బుధవారం సూళ్లూరుపేటలోనే విశ్రాంతి తీసుకుని, మర్నాడు తెల్లారి బయల్దేరాం. దారంతా టోల్ గేట్ల గురించే వాదన. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం రూలు మార్చింది. ఉపగ్రహంతో పనిచేసే పెట్టె బిగించుకున్న బండి హైవే మీద ఎంత దూరం నడిస్తే అంతకే టోల్ కట్టొచ్చు, రోజుకి ఒక్కో వైపు 20 కిలోమీటర్ల దాకా ఉచితం. గేటు పక్క ఊళ్లవాళ్లకు ఇది మేలు. రెండు కిలోమీటర్లకి మొత్తం రుసుము కట్టే బాధ తప్పుతుంది.

"నడిచినంతకే డబ్బు, న్యాయం" అన్నారు బావగారు.

"నేను ఎక్కడెక్కడికి పోయానో గీతలు గీసి ఎవరి దగ్గరో దాచి ఉంచుతారు, అదీ న్యాయమేనా?" అన్నాను.

"లారీ అబ్బాయికి సేటు అదే చేశాడుగా."

"అతనికి హాల్టింగ్ డబ్బులన్నా వస్తున్నాయి. నాకేం వస్తుంది?"

ఈ వాదన గుంటూరు దాకా సాగి, బిర్యానీ దగ్గర ఆగింది. నా మాట నేను మార్చుకోలేదు. ఆ నోటుపుస్తకం సరంగు సొరుగులో ఉంది కాబట్టే అతను ధీమాగా ఉన్నాడు. మన గీతల పుస్తకం ఎవరి సొరుగులో ఉంటుందో ముందు తేల్చమనే నేను అడిగేది.

ఇంటికొచ్చాక, ఫిబ్రవరి 2న ఇస్రో ప్రకటన వచ్చింది. ఉపగ్రహం సౌర పలకలు తెరుచుకున్నాయి, కరెంటు బాగానే ఉంది, భూమితో మాట్లాడుతోంది. కానీ ఇంజన్ మండించడానికి ఆక్సిడైజర్‌ని వదిలే వాల్వులు తెరుచుకోలేదు. కాబట్టి 36,000 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలోకి చేరాల్సింది, కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలోనే తిరుగుతోంది. ఆ కక్ష్యలోంచే దాన్ని నావిగేషన్ పనికి ఎలా వాడుకోవచ్చో చూస్తున్నామంది ఇస్రో.

బావగారికి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే చదివేశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎన్‌వీఎస్-03 ఎప్పుడంటావ్?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండానే, "ఈసారి రైల్లో పోదాం. సూళ్లూరుపేట స్టేషన్ ఊళ్లోనే ఉంది, నీ టోల్ గొడవ కూడా ఉండదు" అన్నారు.